మెటల్ డిటెక్టర్‌తో ఓపిగ్గా వెతకడం ఎలా?

మెటల్ డిటెక్టర్ కొత్తగా చేతికొచ్చినవాళ్ళని దూరం నుంచే పోల్చుకోవచ్చు. గడ్డి కోసే కొడవలిలా దాన్ని విసురుగా ఊపుతూ, వాకింగ్‌కి బయల్దేరినట్టు చకచకా నడిచేస్తుంటారు. ఊపు చివర కాయిల్, అంటే కర్ర చివరుండే గుండ్రటి పళ్ళెం లాంటి భాగం, గాల్లోకి లేస్తుంది. 'టింగ్' మని మోగితే చాలు, ఎక్కడ మోగిందో సరిగ్గా చూసుకోకుండానే పార నేలలోకి దిగిపోతుంది. గంట గడిచేసరికి భుజం నొప్పి, జేబులో నాలుగు సీసా మూతలు. 'ఈ మెషిన్ పనికిరాదు, దీనికన్నా పెద్దది కొనాలి' అనే ఆలోచన సరిగ్గా అక్కడే పుడుతుంది.

నాకూ అక్కడే పుట్టింది. కొనే ముందు ఎందుకైనా మంచిదని ఒక పరీక్ష పెట్టుకున్నాను. మా తమ్ముడికి పది నాణేలిచ్చి, నేను చూడకుండా పెరట్లో పాతమన్నాను, జానెడు లోతుకి మించొద్దన్నాను. నా మామూలు నడకలో వెతికితే నాలుగు దొరికాయి. మిగతావి లోతుగా పాతేశావని వాడి మీద ఎగిరాను. "లేదన్నా, అన్నీ పైపైనే పెట్టాను" అన్నాడు. మర్నాడు అదే చోట, అదే మెషిన్‌తో, చూసేవాళ్ళకి విసుగొచ్చేంత నెమ్మదిగా వెతికాను. ఇంకో ఐదు బయటపడ్డాయి. పదోదాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ రోజు నాకు అర్థమైంది ఇదీ: మన చెయ్యి దాటిపోయేవాటిలో చాలావరకు మెషిన్‌కి అందేంత లోతులోనే ఉంటాయి. కాయిల్ వాటి మీదుగా వెళ్ళకపోవడమో, వెళ్ళినా ఆ మోతని మనం పట్టించుకోకపోవడమో జరుగుతుంది. ఈ రెండూ చెయ్యి నిదానిస్తే సరిపోయేవే. అందుకే కింద చెప్పేదంతా ఊపడం గురించి, వినడం గురించి ఎక్కువగా ఉంటుంది, మెషిన్ల గురించి తక్కువగా ఉంటుంది.

ముందు అనుమతి

దీనికి ఓపిక అక్కర్లేదు, సిగ్గు వదిలేసి అడగడమే. నేల ఎవరిదో వాళ్ళని అడిగి వెళ్ళండి. దొరికినదాంట్లో ఎవరికెంత అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి, వస్తువు చేతికొచ్చాక ఆ మాట ఎత్తితే స్నేహాలు చెడతాయి. రక్షిత కట్టడాల దగ్గరికి, పురావస్తు స్థలాలకి మెషిన్‌తో వెళ్ళనే వెళ్ళొద్దు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నిధి దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి ట్రెజర్ చట్టం ఇందుకు 14 రోజుల గడువిస్తుంది. మీరున్న చోట ఏముందో ముందే కనుక్కోండి. యుద్ధాలు జరిగిన నేల, సైన్యం శిక్షణకి వాడిన నేల అయితే ఇంకో భయం ఉంది. పేలని గుండు లాంటిది కంటబడితే ముట్టుకోకుండా, కదపకుండా, దూరంగా వచ్చి పోలీసులకి చెప్పాలి.

ఇంట్లో ఒక గంట

బయటికి వెళ్ళే ముందు మెషిన్ భాష నేర్చుకోవాలి. మనలో ఎక్కువమంది వాడేది వి.ఎల్.ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం. దాని కాయిల్‌లో రెండు తీగచుట్టలుంటాయి. మొదటిది అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న విద్యుత్ ప్రవాహాలు సుళ్ళు తిరుగుతాయి. ఆ సుళ్ళు పుట్టించే క్షేత్రాన్ని రెండో చుట్ట పట్టుకుంటుంది. పంపినదానికీ, తిరిగొచ్చినదానికీ మధ్య కొద్దిపాటి వెనకబాటు ఉంటుంది. అది ఎంతన్నదాన్ని బట్టి ఇది ఇనుమా, అల్యూమినియమా, వెండా అని మెషిన్ ఒక అంచనాకొచ్చి, ఒక అంకె చూపిస్తుంది, ఒక శబ్దం వినిపిస్తుంది. అది అంచనా మాత్రమే. పల్చటి బంగారు ఉంగరం, డబ్బా మూత చెవి, మడత పడిన రేకు కాగితం ఒకదానికొకటి దగ్గరి అంకెలే చూపిస్తాయి.

మెషిన్‌ని చెక్క బల్ల మీద, కాయిల్ అంచు అవతలికి వచ్చేలా పెట్టండి. చేతికున్న ఉంగరం, గడియారం తీసేయండి. ఒక నాణెం, ఒక ఉంగరం, ఒక మేకు, ఒక సీసా మూత, ఒక రేకు ముక్క తీసుకుని ఒక్కొక్కటీ కాయిల్ ముందు అటూ ఇటూ ఆడించండి. నాణేన్ని పడుకోబెట్టి ఒకసారి, అంచు మీద నిలబెట్టి ఇంకోసారి. అంకెలు రాసుకోండి, కానీ చెవిని ముఖ్యంగా అటు పెట్టండి. పది నిమిషాలకే మేకు గరగరకీ, నాణెం నిండుగా మోగడానికీ తేడా తెలిసిపోతుంది.

ఉంగరం, గడియారం తీయమన్నది ఊరికే కాదు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో ఉండిపోయిన తూటాని వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే తన పరికరం తీసుకుని వెళ్ళాడు. పరికరం అంతకుముందు బాగానే పనిచేసింది. రోగి దగ్గర మాత్రం తూటా జాడ దొరకలేదు. పరుపులోని లోహపు స్ప్రింగులు ఆ శబ్దాన్ని గందరగోళం చేశాయని చెబుతారు. పైగా డాక్టరు తూటా ఉందనుకున్న కుడివైపే వెతకనిచ్చాడు, అదేమో ఎడమవైపు ఉంది. దగ్గర్లో ఉన్న వేరే లోహాన్ని పక్కకి తీయకపోవడం, ముందే ఒకచోట ఉందని అనుకుని అక్కడే వెతకడం. ఈ పనిలో మనం చేసే తప్పుల్లో సగం ఆ గదిలోనే జరిగిపోయాయి. మీ విషయంలో ఆ స్ప్రింగుల పాత్ర బూటు ముందున్న ఇనప తొడుగు, చేతిలో ఉన్న పార, జేబులో ఉన్న ఫోన్ పోషిస్తాయి.

పెరడు ఉంటే నాణేలు 5, 10, 15 సెంటీమీటర్ల లోతుల్లో పాతి, ఎక్కడ పాతారో గుర్తు పెట్టుకోండి. కొత్తగా తవ్విన మట్టిలో మోత కాస్త బలహీనంగా వస్తుంది, మట్టి మళ్ళీ బిగుసుకోవడానికి టైం పడుతుంది. అందుకే ఆ నాణేల్ని తీసేయకుండా నెలల తరబడి అలాగే ఉంచితే, సెట్టింగ్ మార్చినప్పుడల్లా సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

నేలతో సర్దుబాటు

నేలకి కూడా తన మోత ఉంటుంది. ఎర్రమట్టిలోని ఇనుము ఖనిజాలు, తడి ఇసుకలోని ఉప్పు కూడా కాయిల్‌కి లోహంలాగే తగులుతాయి. దాన్ని లెక్కలోంచి తీసేయడమే గ్రౌండ్ బ్యాలెన్స్. లోహమేమీ లేని ఒక చోటు చూసుకుని, కాయిల్‌ని నేలకి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక అడుగు దాకా పైకీ కిందికీ, బోరింగు కొడుతున్నట్టు ఆడించండి. కిందికి దించినప్పుడు మోత పెరగకుండా, తగ్గకుండా ఒకేలా ఉంటే సర్దుబాటు కుదిరినట్టు. చాలా మెషిన్లు ఒక బటన్ నొక్కితే ఈ పని అవే చేసుకుంటాయి. మట్టి రంగు మారిన చోటల్లా మళ్ళీ చేయాలన్నది మాత్రం మనమే గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత సెన్సిటివిటీ, అంటే ఎంత చిన్న జాడకైనా మోగమని మెషిన్‌కి చెప్పే సెట్టింగ్. ఇక్కడ దాదాపు అందరం ఆశకి పోతాం. ఫుల్లుగా పెడితే లోతుగా చూస్తుందనుకుంటాం. నిజానికి మెషిన్ ఊరికే గలగలమంటూ ఉంటే లోతునున్న నాణెం మోత ఆ గలాటాలో కలిసిపోతుంది. కాయిల్‌ని కదలకుండా పట్టుకున్నా మెషిన్ మోగుతుంటే ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ, నిశ్శబ్దం వచ్చిన దగ్గర ఆగండి. పైన కరెంటు తీగలుంటే ఇంకాస్త తగ్గించాలి. ఫ్రీక్వెన్సీ ఛానల్ మార్చే వీలుంటే మార్చి చూడండి.

డిస్క్రిమినేషన్ అంటే ఫలానా లోహం వస్తే మోగకు అని మెషిన్‌కి చెప్పడం. చెత్త తవ్వే బాధ తప్పుతుందని కొత్తవాళ్ళు దీన్ని బాగా పెంచేస్తారు. రేకు కాగితం వద్దనుకుంటే సన్న ఉంగరం కూడా దాంతోపాటే పోతుంది. మొదటి కొన్ని నెలలు చిన్న ఇనప ముక్కల్ని మాత్రమే ఆపి, మిగతావన్నీ వినండి, ఓపిక ఉంటే అవీ ఆపొద్దు. చెత్త తవ్వుతూనే చెవి తయారవుతుంది.

ఇక ఊపడం

పనంతా ఇక్కడే ఉంది.

ముందు కర్ర పొడవు సరిచేసుకోండి. వంగకుండా నిలబడితే, చెయ్యి సడలి ఉంటే, కాయిల్ మీ పాదాలకి కాస్త ముందుగా నేలకి సమాంతరంగా ఉండాలి. కర్ర పొడవైతే కాయిల్ దూరంగా పోయి భుజం లాగేస్తుంది. పొట్టిదైతే నడుము పట్టేస్తుంది. ఒళ్ళు నొప్పి పుట్టాక ఓపిక గురించి ఎంత చెప్పినా దండగే, అందుకే ఈ చిన్న సర్దుబాటుకి రెండు నిమిషాలు పోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు కాయిల్‌ని నేలకి రాసీ రాయనట్టు, రెండు సెంటీమీటర్లకి మించని ఎత్తులో, ఎడమ నుంచి కుడికి తీసుకెళ్ళండి. ఎంత ఎత్తున ఊపితే అంత లోతు పోయినట్టే లెక్క. ఐదు సెంటీమీటర్లు పైన ఊపితే ఆ ఐదూ గాలిని వెతకడానికే ఖర్చవుతాయి. చివరికొచ్చేసరికి చెయ్యి గడియారం లోలకంలా పైకి లేవాలని చూస్తుంది. ఇది కళ్ళతో చూస్తే తప్ప మనకి తెలియదు, ఒకసారి మీ ఊపుని ఎవరిచేతనైనా ఫోన్‌లో వీడియో తీయించుకోండి. నా వీడియో చూసినప్పుడు రెండు వైపులా జానెడు చొప్పున పైకి లేస్తోంది. ఊపుని పొట్టిగా చేసుకుంటే, భుజంతో పాటు నడుముని కూడా కొద్దిగా తిప్పితే ఈ జబ్బు తగ్గుతుంది.

వేగం సంగతికొస్తే, ఒకవైపు నుంచి ఇంకోవైపుకి రెండు సెకన్లు. మనసులో 'ఒకటి... రెండు' అనుకోండి. ఇనప చెత్త ఎక్కువున్న చోట ఇంకా నెమ్మది. చాలా మెషిన్లు కాయిల్ కదులుతుంటేనే లోహాన్ని గుర్తిస్తాయి కాబట్టి మరీ ఆగిపోకూడదు. కానీ ఆగిపోయేంత నెమ్మదిగా ఊపే కొత్తవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అసలు నష్టం అడుగులో ఉంది. ఒక ఊపుకీ తర్వాతి ఊపుకీ మధ్య ఎంత ముందుకి జరుగుతున్నారో చూడండి. కాయిల్ వెడల్పు అడుగుంటే అడుగు మేర నేల చూసేసినట్టే అనిపిస్తుంది. కాయిల్ చూపు నేల పైన వెడల్పుగా, లోతుకి పోయేకొద్దీ ఇరుకుగా ఉంటుంది, గరాటాలాగా. పైన అంచులు తాకించి ఊపినా కింద ఊపుకీ ఊపుకీ మధ్య చూడని నేల మిగిలిపోతుంది. కాయిల్ లోపల రెండు చుట్టలు వీపులు ఆనించిన డి అక్షరాల్లా ఉండే డబుల్ డి రకానికి ఈ ఇరుకు కొంత తక్కువ, అయినా ఉంది. అందుకే ప్రతి ఊపూ ముందు ఊపులో కనీసం సగాన్ని కప్పాలి. అంటే ఒక్కోసారి జరిగేది బెత్తెడు, మహా అయితే దానికి కాస్త ఎక్కువ.

ఇది ఎంత పనో ఒకసారి లెక్కేసుకుందాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న చోటు. ఊపుతూ నేరుగా ముందుకెళ్ళే ఒక్కో వరసని, పొలంలో లాగా, చాలు అందాం. ఒక్కో చాలు 1.2 మీటర్ల వెడల్పు అనుకుంటే తొమ్మిది చాళ్ళు. ఊపుకి 12 సెంటీమీటర్లు జరిగితే చాలుకి 83 ఊపులు. మొత్తం దాదాపు 750. రెండు సెకన్ల చొప్పున 25 నిమిషాలు, అదీ ఒక్క చోట కూడా ఆగకుండా, తవ్వకుండా. అడ్డంగా ఇంకోసారి వెతికితే 50. అదే చోటుని నేను మొదట్లో ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి 'ఇక్కడేం లేదు' అనేవాణ్ణి.

అందుకని పెద్ద మైదానాన్ని చూసి ఆశపడకండి. నాలుగు మూలలా నాలుగు పుల్లలు పాతి, ఆ గడి వరకే ఈ రోజు అనుకోండి. చాళ్ళ గుర్తుకి తాడు కడితే మంచిది, లేకపోతే ఇసుకలో అయితే మీ పాదాల గుర్తులే సరిపోతాయి. నిలువుగా అయిపోయాక అడ్డంగా మళ్ళీ వెతకండి. అంచు మీద నిలబడి ఉన్న నాణెం ఒకవైపు నుంచి వెళ్తే అసలు పలకదు, ఇంకోవైపు నుంచి వెళ్తే చిన్నగా పలుకుతుంది. రెండోసారి దొరికినవాటిని చూశాక అడ్డంగా వెతకడం ఎందుకని మళ్ళీ అడగరు.

పోయిన ఉంగరం కోసం ఎవరైనా పిలిచినప్పుడు ఈ గడి పద్ధతి ఇంకా అవసరం. ఎక్కడ పడిందో వాళ్ళు కచ్చితంగా చెబుతారు, అది సాధారణంగా తప్పుతుంది. ఒకసారి ఇసుకలో అలా వెతికాను. "ఇదిగో, ఇక్కడే కూర్చున్నాం" అన్న చోటు మూడు గంటలు జల్లెడ పట్టాను. ఉంగరం అక్కడ లేదు. తువ్వాలు ఎక్కడ దులిపారో అడగాల్సింది, ఆ ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది. ఆ అమ్మాయి నాలుగడుగులు పక్కకి చూపించింది. అక్కడ రెండో చాలులో మోగింది, వేలు లోతు కూడా లేదు. వెతకడం మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అడగండి: చేతులకి క్రీమ్ ఎప్పుడు రాసుకున్నారు, బంతి ఎటు విసిరారు, తువ్వాలు ఎక్కడ దులిపారు?

మోత వినడం

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. గాలి శబ్దంలో స్పీకర్ మీద ఆధారపడితే బిగ్గరగా మోగేవే వినిపిస్తాయి. బిగ్గరగా మోగేవాటిలో ఎక్కువ భాగం పైపైన పడున్న చెత్తే. లోతున ఉన్నవి గుసగుసలాడతాయి. ఒక్కోసారి అది మోత కూడా కాదు, సన్నగా నడుస్తున్న శబ్దంలో చిన్న తడబాటు. అక్కడ ఆగండి.

ఆగాక ఏం చేయాలి? కాయిల్‌ని అదే చోట పొట్టి పొట్టిగా అటూ ఇటూ ఆడించండి. రెండువైపులా ఒకేలా మోగుతోందా, ఒకవైపే మోగుతోందా? తర్వాత మీరు పావువంతు చుట్టూ తిరిగి, పక్క నుంచి మళ్ళీ ఊపండి. అన్ని వైపుల నుంచీ గుండ్రంగా, ఒకే అంకె దగ్గర మోగితే తవ్వాల్సిందే. ఒకవైపు నుంచి నాణెంలా మోగి, తిరిగి చూస్తే గరగరమంటూ విరిగిపోతే అది సీసా మూతో, వంగిన మేకో కావచ్చు. పెద్ద ఇనప ముక్కలు కూడా మోసం చేస్తాయి, వెండి అంకె చూపిస్తాయి. కాయిల్‌ని మెల్లగా పైకెత్తి చూడండి. అడుగున్నర ఎత్తుకి వెళ్ళినా మోత తగ్గకపోతే కింద ఉన్నది నాణెం సైజు వస్తువు కాదు.

అనుమానంగా ఉంటే తవ్వండి. తవ్వే ముందు ఏముందో పైకి చెప్పండి, బయటికి తీశాక సరిచూసుకోండి. ఒంటరిగా ఉన్నా సరే పైకే చెప్పండి, లేకపోతే 'నేననుకున్నదే' అని మనసు అబద్ధమాడుతుంది. నా చెవి పదునెక్కింది ఈ ఆటతోనే.

ఇక పదో నాణెం. అది దొరకడానికి నాకు ఇంకో నెల పట్టింది. తమ్ముడు పాతిన చోట మట్టిలో ఎప్పటిదో ఒక తుప్పు పట్టిన మేకు ఉంది, నాణేనికి బెత్తెడు దూరంలో. ఇనుము నాకొద్దని మెషిన్‌కి చెప్పి ఉంచాను కాబట్టి మేకు దగ్గరికి రాగానే అది నోరు మూసుకునేది, మళ్ళీ తేరుకునేలోపు కాయిల్ నాణెం దాటిపోయేది. దీన్ని మాస్కింగ్ అంటారు. డిస్క్రిమినేషన్ తీసేసి, అంగుళం అంగుళం కాయిల్ జరిపితే గరగర మధ్యలో ఒక్క చిన్న 'టిక్' వినిపించింది. పాత ఇళ్ళు కూలిన చోట్ల నేలంతా ఇలాగే ఉంటుంది. అక్కడికి చిన్న కాయిల్, అర అడుగు వెడల్పుది, తీసుకెళ్ళండి. అది ఒకేసారి తక్కువ నేల చూస్తుంది, మేకుని, నాణేన్ని విడివిడిగా పట్టుకుంటుంది. అందరూ చెత్తని చూసి వదిలేసిన అలాంటి చోట్లే నాకిష్టం.

తవ్వడం

పార దిగే ముందు వస్తువు ఎక్కడుందో చెప్పగలగాలి. ఎడమ కుడిగా ఊపుతూ మోత ఎక్కడ గట్టిగా ఉందో నేల మీద ఒక గీత ఊహించుకోండి. పావువంతు తిరిగి మళ్ళీ ఊపి ఇంకో గీత. రెండు గీతలు కలిసిన చోట వస్తువు ఉంటుంది. పిన్‌పాయింట్ బటన్ ఉంటే ఈ పని ఇంకా తేలిక. తొందరపడి దీన్ని దాటేస్తే రెండు తప్పవు. గొయ్యి ఫుట్‌బాల్ అంత అవుతుంది, పార అంచు నాణెం మీద గీత పెడుతుంది. తళతళలాడే కొత్త గీత పడ్డ పాత నాణేన్ని చేతిలో పట్టుకున్నప్పటి బాధ ఒక్కసారి పడితే చాలు.

గడ్డి ఉన్న చోట అనుకున్న బిందువు చుట్టూ నాలుగైదు వేళ్ళ దూరం వదిలి, మూడువైపులా నిటారుగా కోయండి. నాలుగోవైపు వదిలేయండి. గడ్డిపెళ్ళని తలుపు రెక్కలా ఆ వైపుకి తిప్పండి. వేళ్ళు తెగకుండా దళసరిగా, ఎనిమిది పది సెంటీమీటర్ల మందంతో వచ్చేలా చూడండి, పల్చగా కోస్తే ఎండకి మాడిపోతుంది. లోపలి మట్టిని గడ్డి మీద పోయకుండా పక్కనే పరిచిన గుడ్డ మీద పోయండి. ఇప్పుడు చేతి పిన్‌పాయింటర్‌తో, అంటే గొయ్యిలో పెట్టి చూసే చిన్న డిటెక్టర్‌తో, ముందు పెళ్ళ అడుగుభాగం, తర్వాత గొయ్యి గోడలు, తర్వాత గుడ్డ మీది మట్టి చూడండి. వస్తువు చాలాసార్లు గోడలో ఉంటుంది, మనమేమో కిందికి కిందికి తవ్వుకుంటూ పోతాం.

చేతికొచ్చాక గొయ్యి మీద కాయిల్ మళ్ళీ తిప్పండి. ఒక నాణెం జారిపడిన చోట రెండోది కూడా పడి ఉండొచ్చు. తర్వాత గుడ్డ అంచులెత్తి మట్టినంతా వెనక్కి పోసి, రెక్క మూసి, కాలితో అదమండి. చెత్త దొరికితే దాన్నీ సంచిలో వేసుకోండి, అక్కడే పారేస్తే ఇంకో నెలకి మీరే మళ్ళీ తవ్వుతారు. మండువేసవిలో నేల బీటలు తీసినప్పుడు పచ్చిక తవ్వకపోవడం మంచిది, ఎంత జాగ్రత్తగా మూసినా ఆ పెళ్ళ బతకదు. వానలు పడ్డాక వెళ్ళండి. నేల మెత్తబడుతుంది, తడి నేలలో మోత కూడా సాధారణంగా మెరుగ్గా వస్తుంది. ఇంకొకటి: మోత పొడుగ్గా, ఒక గీతలాగా సాగుతూ వెళ్తుంటే అది పైపో, కరెంటు కేబులో కావచ్చు. అక్కడ పార వేయొద్దు.

విసుగు వచ్చినప్పుడు

వస్తుంది. గంటన్నర వెతికాక ఒక్క మేకు కూడా రాని రోజులుంటాయి. విసుగొచ్చిందని మనసుకన్నా ముందు చెయ్యి చెబుతుంది. ఊపు పొడవవుతుంది, అడుగు పెద్దదవుతుంది, చివర కాయిల్ లేస్తుంది. అది గమనించిన వెంటనే మెషిన్ కింద పెట్టి, ఎక్కడ ఆగారో అక్కడ పుల్ల పాతి, నీళ్ళు తాగండి. నేనైతే నలభై నిమిషాలకోసారి ఆగుతాను. అలసిపోయి వెతికిన చాలుని లెక్కలోకి తీసుకోను, తర్వాత మళ్ళీ వెతుకుతాను. ఎవరైనా దగ్గరికొచ్చి "ఏంటి, లంకెబిందెలు దొరికాయా?" అని అడుగుతారు. ఇది తప్పదు. ఒక సీసా మూత తీసి చేతిలో పెడితే నవ్వుకుని వెళ్ళిపోతారు.

నిజంగా ఏదైనా దొరికితే తొందరపాటు ఇంకో రూపంలో వస్తుంది: వేలితో రుద్ది మట్టి వదిలించి, ఏముందో చూసేయాలనిపిస్తుంది. మట్టిలో ఉన్న ఇసుక రేణువులు ఉప్పుకాగితంలా గీస్తాయి. పాత నాణెం మీద ఏళ్ళ తరబడి ఏర్పడిన పొర ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. నిమ్మరసం, చింతపండు, పళ్ళపొడి లాంటివి అసలొద్దు. మెత్తటి గుడ్డలో చుట్టి, ఎక్కడ ఎంత లోతులో దొరికిందో చీటీ రాసి, ఇంటికి తీసుకెళ్ళండి. పాతదనిపిస్తే తెలిసినవాళ్ళకి చూపించేదాకా కడగొద్దు.

ఒకే చోట ఒకటి కాదు, రెండు మూడు పాత వస్తువులు వరసగా వస్తుంటే తవ్వడం ఆపేయండి. ఈ మాట చెప్పడం తేలికే, ఆ క్షణంలో చెయ్యి ఆపడం మాత్రం మామూలు విషయం కాదు. ఆపిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1992 నవంబరు 16న ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, హాక్స్‌న్ అనే ఊళ్ళో, ఎరిక్ లాస్ అనే ఆయన తన స్నేహితుడైన రైతు పొలంలో పారేసుకున్న సుత్తిని వెతకడానికి వెళ్ళాడు. రిటైరైనప్పుడు కానుకగా వచ్చిన డిటెక్టర్ ఆయన చేతిలో ఉంది. సుత్తికి బదులు వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు రావడం మొదలుపెట్టాయి. కొంత తీశాక ఆయన ఆగిపోయాడు. ఇద్దరూ అధికారులకి కబురు చేశారు. మర్నాడు పురావస్తు శాస్త్రవేత్తలొచ్చి మిగతాది తవ్వారు. రోమన్ల కాలం చివరినాటి నాణేలు దాదాపు 15,000, వాటితో పాటు వెండి సామాన్లు, బంగారు నగలు 200 దాకా బయటపడ్డాయి. ఎక్కువ భాగం కదలకుండా ఉన్నచోటే ఉండబట్టి, అదంతా ఒక చెక్కపెట్టెలో పెట్టి పాతారని, లోపల చిన్న పెట్టెల్లో ఏది ఎక్కడ సర్దారో కూడా తర్వాత గుర్తించగలిగారు.

సుత్తి కూడా దొరికింది. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.